రెండు బటన్లు, ఒక్క చెయ్యి

నా ఉద్యోగం ఏమిటని అడిగినవాళ్లకు "కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాను" అని చెప్పేదాన్ని. అది సగం నిజం. మిగతా సగం ఇది: ఎక్కడో ఒక ఆఫీసులో, నేను ఎప్పుడూ చూడని మనిషి కీబోర్డు మీద ఒక బటను నొక్కుతాడు. అప్పుడు ఏం జరగాలో, ఏం జరగకూడదో విజయనగరంలో కూర్చుని నేను ముందే నిర్ణయించేయాలి. చదువు పూర్తయిన దగ్గర్నుంచి రిటైరయ్యేదాకా నేను చేసిన పని అదే.

ఎచ్చెర్లలో చదువుకుంటున్న కొందరు పిల్లలు ఈ మధ్య మా ఇంటికొచ్చి, ఈ ఉద్యోగంలోకి దిగబోతున్నాం, మీ అనుభవాలు రాసి పెట్టండి అన్నారు. జీతాలూ ప్రమోషన్లూ రాయడానికేం లేదు. మా చిన్న కంపెనీలో ప్రమోషన్ అంటే కుర్చీ ఫ్యాను కిందికి జరగడమే. రాయాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఎక్కువగా దాని గురించే రాస్తాను.

ముందు కొంచెం పని సంగతి

బటను కిందికి వెళ్లగానే కంప్యూటర్ మన ప్రోగ్రాముకు ఒక కబురు పంపుతుంది. దాన్ని కీడౌన్ అంటాం. వేలు తీయగానే ఇంకో కబురు వస్తుంది, అది కీఅప్. వేలు తీయకుండా బటను మీదే ఉంచితే కీడౌన్ కబురు వస్తూనే ఉంటుంది, వర్షం చూరు నుంచి కారినట్టు. కొత్తగా వచ్చినవాళ్లు ఈ మూడో సంగతి మర్చిపోతారు. నేనూ మర్చిపోయాను.

ఇక కిటికీలు. తెర మీద ఒక పెద్ద విండో ఉంటుంది. దాని లోపల పనికొకటి చొప్పున చిన్న విండోలు తెరుచుకుంటాయి. వాటిని చైల్డ్ విండోలంటాం. ఎన్ని తెరిచి ఉన్నా ఒక సమయంలో మన మాట వినేది ఒక్కటే. నొక్కిన అక్షరాలన్నీ దానికే వెళ్తాయి. మిగతావి దాని వెనక ఉంటాయి. కనపడవు గానీ ఉంటాయి, మెషీన్ బలాన్ని తింటూ ఉంటాయి.

ఈ రెండూ అర్థమైతే కింద రాసిందంతా అర్థమవుతుంది.

రాజాం దగ్గర మిల్లు

మా యజమాని సత్యం గారిది శ్రీకాకుళం. కంప్యూటర్లు రాకముందు ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. కుర్రాళ్ల వేళ్లు సరిచేసి సరిచేసి, ఏ మనిషి ఎదురైనా ముందు చేతులకేసి చూడటం ఆయనకు అలవాటైపోయింది. ఎన్నేళ్లు విజయనగరంలో ఉన్నా మాట మాత్రం మారలేదు.

రాజాం దగ్గర ఒక రైస్ మిల్లుకు నేను చేసిన మొదటి ప్రోగ్రాములో ధాన్యం తూకం చీటీ కొట్టడానికి ఎఫ్‌ఫైవ్ బటను పెట్టాను. ఒక్క బటను నొక్కితే చీటీ సేవ్ అయి ప్రింటవుతుంది. చాలా సులువని మురిసిపోయాను. ఒకరోజు అక్కడి గుమస్తా ఫోను మాట్లాడుతూ తూకం పుస్తకాన్ని కీబోర్డు మీద ఆనించాడు. దాని అంచు ఎఫ్‌ఫైవ్ మీద పడింది. ఆయన ఫోను పెట్టేసి చూసేసరికి ప్రింటరు చీటీలు కక్కుతూనే ఉంది. అదే బండి, అదే ధాన్యం, మళ్లీ మళ్లీ. మిల్లు యజమాని గుమస్తా మీద కేకలేస్తూ మాకు కబురు పెట్టాడు.

సత్యం గారు నన్ను తీసుకుని వెళ్లారు. యజమాని ఇంకా గుమస్తాని తిడుతూనే ఉన్నాడు. సత్యం గారు కూర్చోకుండానే అన్నారు:

"ఆయన్నేటీ అనకండి. తప్పు మాది. బటను మీద బరువు పడితే ఏటవుతాదో మేం సూసుకోనేదు."

మేం అనడమే ఆయన పద్ధతి. రాసింది నేనని ఆయన వేలు చూపించలేదు. తిరిగి వస్తుంటే బస్సులో, టైపు మెషీన్లలో కూడా బటను వదలకపోతే ఏమయ్యేదో చెప్పి, చివర్న ఒక్క సలహా ఇచ్చారు. "మొదటి నొక్కుడే లెక్కలోకి తీసుకో సుజాతా. ఏలు ఎత్తిందాకా మిగతావి ఒగ్గీ." ఒగ్గీ అంటే వదిలెయ్ అని.

అదే సరైన సలహా. నేను వినలేదు.

నా జాగ్రత్త

వినకపోవడం మొండితనం వల్ల కాదు, సిగ్గు వల్ల. మిల్లులో అందరి ముందూ తలదించుకున్నాను కదా, ఇక ఏ ఆఫీసులోనూ పొరపాటున ఏ పనీ జరక్కూడదని పట్టుబట్టాను. అందుకు నాకు తోచిన దారి, ప్రతి పనికీ రెండు బటన్లు పెట్టడం. కంట్రోల్ పట్టుకుని ఇంకొకటి నొక్కాలి. కొత్త బిల్లుకు కంట్రోల్, ఎన్. సేవ్‌కు కంట్రోల్, ఎంటర్. విండో మూయడానికి కంట్రోల్, ఎఫ్‌ఫోర్. విండో మూలన ఉండే ఇంటూ గుర్తును కూడా తీసేశాను, సేవ్ చేయకుండా మౌసుతో మూసేస్తున్నారని.

సత్యం గారు ఒకసారి చూసి, "రెండేసి బటన్లు దేనికి?" అన్నారు.

"సేఫ్టీకండీ. పుస్తకం పడితే రెండు బటన్ల మీదా పడదు కదా."

ఆయన కాసేపు కీబోర్డు వైపు చూసి ఊరుకున్నారు. సత్యం గారిలో నాకు నచ్చని గుణం అదొక్కటే. మనం ధైర్యంగా మాట్లాడితే, మనకి తెలిసే మాట్లాడుతున్నామని అనుకునేవారు.

ఇందులో ఎంత బద్ధకం ఉందో ఇప్పుడు చెప్పగలను. వేలు ఎత్తిందో లేదో గమనించే పని ప్రోగ్రాము చెయ్యాలి. అది రాయడం, పరీక్షించడం కష్టం. రెండు బటన్లు పెడితే నాకు సులువు. నా కష్టాన్ని తీసి వాడేవాళ్ల వేళ్ల మీద పెట్టి, దానికి సేఫ్టీ అని పేరు పెట్టాను.

సాలూరు

ఆ రెండు బటన్ల పద్ధతితోనే సాలూరులో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు బుకింగ్ ప్రోగ్రాము చేశాను. యజమాని నాయుడు గారు. గట్టిగా మాట్లాడే మనిషి, మంచివాడు. అక్కడి బుకింగ్ గుమస్తా పైడిరాజు గారు. నలభై దాటి ఉంటాయి. మెడలో ఎప్పుడూ ఒక తువ్వాలు ఉండేది. కూర్చున్నప్పుడు దాన్ని తీసి ఒళ్లో పరుచుకునేవారు.

నేర్పడానికి వెళ్లినప్పుడు ఆఫీసులో అందరినీ నా కుర్చీ చుట్టూ నిలబెట్టి నేనే నొక్కి చూపించాను. ఎవరి చేతా నొక్కించలేదు. అంతా అయ్యాక పైడిరాజు గారు ఒకే ఒక ప్రశ్న అడిగారు.

"మూసీడానికి ఒక్క బటను సాలదేటి మేడం?"

నేను నవ్వి, రాజాం మిల్లు కథంతా చెప్పాను. ప్రింటరు చీటీలు కక్కిన భాగం అభినయించి మరీ చెప్పాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. మళ్లీ అడగలేదు.

కొన్నాళ్లు అంతా బాగానే నడిచింది. తర్వాత ఒక మధ్యాహ్నం నాయుడు గారి ఫోను. చింతపండు వేసుకుని రాయపూర్ వెళ్తున్న లారీని ఒడిశా బోర్డర్ చెక్‌పోస్టులో ఆపేశారు. వానకు బిల్లు తడిసి అక్షరాలు కనపడక, ఆఫీసు నుంచి ఇంకో కాపీ ఫ్యాక్స్ చేయించమన్నారు. ఇక్కడ కంప్యూటర్ తీసి చూస్తే ఆ బిల్లు నంబరు మీద చింతపండు లేదు. ఉప్పు బస్తాలున్నాయి, ఇంకెవరి పేరో ఉంది. చెక్‌పోస్టు వాళ్లు సరుకు మీద అనుమానపడి లారీని పక్కన పెట్టించారు. డ్రైవరు ఆ వానలో అక్కడే ఉన్నాడు.

"మా పైడిరాజు ఏటో కొట్టీసినాడమ్మా. బేగి రండి," అన్నారు నాయుడు గారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. గజపతినగరం దాటేదాకా నాకు భయంగానే ఉంది, తప్పు నాదేమోనని. మళ్లీ రాజాంలాగా అవుతుందేమోనని.

ఆ మాట

ఆఫీసులో నాయుడు గారు, హమాలీల మేస్త్రి, ఇద్దరు డ్రైవర్లు, పైడిరాజు గారు ఉన్నారు. నేను వెళ్లి మెషీన్ ముందు కూర్చుని, తెరిచి ఉన్న విండోల జాబితా తీశాను. తెర పైనుంచి కిందిదాకా నిండిపోయింది. ఒక్క చైల్డ్ విండో కూడా మూయలేదు. ముందురోజు పొద్దున మెషీన్ వేసిన దగ్గర్నుంచి తీసిన ప్రతి బిల్లు విండో అలాగే ఒకదాని వెనక ఒకటి ఉంది. అవన్నీ కలిసి మెషీన్‌ని నిలువునా తినేశాయి.

నాకెంత ఊరట కలిగిందో చెప్పలేను. తప్పు నాది కాదు. ఆ ఊరటలోనే నవ్వొచ్చింది.

"ఇదేటి పైడిరాజు గారూ, ఇన్ని తీశారు, ఒక్కటీ మూయలేదా?"

ఆయన లేచి నిలబడి ఉన్నారు. "మూసీడం కుదరడం నేదు మేడం," అన్నారు మెల్లగా.

"కంట్రోల్, ఎఫ్‌ఫోర్. చెప్పాను కదా. ఏదీ, నొక్కండి చూద్దాం."

ఆయన కూర్చున్నారు. తువ్వాలు ఒళ్లో పరుచుకున్నారు. కుడిచేత్తో, కుడివైపు కింద ఉన్న కంట్రోల్ మీద చిటికెన వేలు ఆనించి, మిగతా వేళ్లు పైన ఎఫ్‌ఫోర్ దాకా చాచారు. ఎన్, ఎంటర్ ఆ వేళ్లకు అందుతాయి గానీ ఎఫ్‌ఫోర్ అందలేదు. మళ్లీ చాచారు. ఎడం చెయ్యి తువ్వాలు కిందే ఉంది. నలుగురు చూస్తున్నారు. నాకు ఇంకో బస్సు అందుకోవాలని ఉంది.

అప్పుడు నేనన్న మాట ఇది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"రెండో చెయ్యి ఇంటి దగ్గర ఒగ్గేసి వచ్చారేటి?"

నవ్వుతారనుకున్నాను. రాజాం కథకు నవ్వారు కదా. ఎవరూ నవ్వలేదు. మేస్త్రి తల తిప్పేసుకున్నాడు. ఒక డ్రైవరు బయటికి వెళ్లిపోయాడు.

పైడిరాజు గారు తువ్వాలు తీసి, కుడిచేత్తో తన ఎడం చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని ఎత్తి బల్ల మీద పెట్టారు. ఒక వస్తువును పెట్టినట్టు పెట్టారు. వేళ్లు కొద్దిగా ముడుచుకుని ఉన్నాయి, కదల్లేదు.

"తెచ్చినాను మేడం. ఇదే. పని సెయ్యదు."

తర్వాత దాన్ని అలాగే ఎత్తి ఒళ్లో పెట్టుకుని, లేచి బయటికి వెళ్లారు.

నాయుడు గారు నెమ్మదిగా చెప్పారు. పైడిరాజు గారు ఒకప్పుడు డ్రైవరు. లోడు మీద తాడు బిగిస్తుంటే తాడు తెగి కింద పడ్డారు. భుజం దగ్గర నరం పోయింది. "మా అందరికీ తెలుసమ్మా. ఎవులం మాటాడం. మీకు సెప్పాలని తోచనేదు. సెప్పుంటే బాగున్ను."

ఆ గదిలో నాకొక్కదానికే తెలియదు. తెలియకపోవడం తప్పు కాదని ఎవరైనా అనవచ్చు. కానీ ఆయన ఒక్క బటను చాలదా అని అడిగారు. నేను కథ చెప్పి నవ్వించాను.

బయట టీ బడ్డీ దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. నేను వెళ్లి, తెలియక అన్నాను, క్షమించండి అన్నాను.

"మీరేటి అబద్ధం అన్నారు? ఒగ్గీండి మేడం," అన్నారు. కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది. బడ్డీ అతనితో "మేడానికి టీ ఇయ్యు" అని చెప్పి లారీల వైపు వెళ్లిపోయారు. ఆ టీ తాగక తప్పలేదు.

తప్పు ఎవరిది

లోపలికొచ్చి ప్రోగ్రాము విప్పి చూసేసరికి ఇంకొకటి బయటపడింది. మెషీన్ అలిసిపోయాక కంట్రోల్, ఎన్ నొక్కితే కొత్త విండో తెరుచుకోలేదు. తెరుచుకోలేదని చెప్పాల్సింది నా ప్రోగ్రామే. కానీ అలాంటి పొరపాట్లు వస్తే నోరు మూసుకుని ముందుకు పొమ్మని నేనే రాశాను, సందేశాలు చూసి వాడేవాళ్లు కంగారు పడతారని. అందుకని అది మౌనంగా ఉంది. పైడిరాజు గారు కొట్టిన ఉప్పు బస్తాల వివరాలు, అప్పటికే ముందు తెరిచి ఉన్న పాత విండోలోకి, అంటే చింతపండు బిల్లులోకి వెళ్లాయి. సేవ్ అయ్యాక గళ్లన్నీ ఖాళీ అవుతాయి కనక పాత విండో కూడా కొత్తదానిలాగే కనపడేది. తేడా పై మూలన చిన్న అంకెల్లో ఉన్న బిల్లు నంబరొక్కటే.

అంటే ఆయన చేతులు రెండూ బాగున్నా, బేరాలు ఎక్కువ ఉన్న రోజు ఎవరికైనా ఇది జరిగేదే. నాయుడు గారికి అదంతా చెప్పి, తప్పు మా ప్రోగ్రాముదని ఒప్పుకున్నాను. చింతపండు వివరాలు మళ్లీ ఎక్కించి, చెక్‌పోస్టుకు కాపీ పంపించాం. సాయంత్రానికి లారీని వదిలారు. అదంతా చెప్పేటప్పుడు పైడిరాజు గారు ఆఫీసులో లేరు. ఆయన్ని అన్న మాట అందరూ విన్నారు. ఆయన తప్పు లేదన్న మాట నాయుడు గారొక్కరే విన్నారు.

విజయనగరం వెళ్లి సత్యం గారికి ఉన్నదంతా చెప్పాను. ఆయన ముందు చేతుల గురించే అడిగారు.

"నేర్పినప్పుడు ఆయన సేతులు సూడనేదా?"

"చూడలేదండి. స్క్రీనే చూశాను."

"క్షమాపణ అడిగినావా?"

"అడిగాను. ఒగ్గేయమన్నారు."

"అయితే మళ్లీ అడక్కు. అడిగినకొద్దీ ఆయన నిన్ను ఓదార్చాలి. పని సూడు."

నా ఉద్యోగ జీవితంలో విన్న మాటల్లో పిల్లలకు తప్పకుండా చెప్పాలనుకునేది ఇదే. తప్పు చేసిన మనిషి పదేపదే క్షమాపణ అడగడం ఎదుటివాళ్ల మీద ఇంకో బరువు పెట్టడమే.

పని చూశాను. ఆయన మొదట్లో చెప్పిన పద్ధతే రాశాను. మొదటి నొక్కుడు మాత్రమే లెక్క, వేలు ఎత్తేదాకా మిగతావి చెల్లవు. సేవ్‌కు ఒక బటను, కొత్తదానికి ఒకటి, మూయడానికి ఎస్కేప్. సేవ్ కాకుండా మూస్తే ప్రోగ్రామే అడుగుతుంది. బిల్లు సేవ్ కాగానే దాని విండో దానంతటదే మూసుకుంటుంది. తెరుచుకోకపోతే తెరుచుకోలేదని తెలుగులో చెబుతుంది. అంత కష్టమని వాయిదా వేసిన పని, కూర్చుంటే అనుకున్నదానికంటే తొందరగా అయిపోయింది. అది ఇంకా సిగ్గు.

ఖాళీ కుర్చీ

కొత్త ప్రోగ్రాము పట్టుకుని సాలూరు వెళ్లాను. బుకింగ్ బల్ల దగ్గర వేరే అతను ఉన్నాడు. చురుకైన కుర్రాడు, రెండు చేతులతో టకటకా కొడుతున్నాడు. పైడిరాజు గారు మానేశారట. నాయుడు గారు రెండుసార్లు కబురు పెట్టినా రాలేదట.

ప్రోగ్రాము వేశాను. "ఇదీ బాగానే ఉన్నాదండి, అదీ బాగానే ఉండేదండి," అన్నాడా కుర్రాడు.

ఇల్లు కనుక్కుని వెళ్లాను. వెళ్లకూడదని తెలుసు, అయినా వెళ్లాను. ఆయన భార్య గుమ్మంలో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. నన్ను చూడగానే చేట పక్కన పెట్టింది.

"మీరేనా ఆ మేడం?"

నేనే అన్నాను.

"ఆ సెయ్యి సంగతి మేం ఇంట్లో కూడా ఎత్తమమ్మా. పడిపోయినాక మనిసి గుమ్మం దిగేవోడు కాదు. ఆ కుర్సీలో కూసోడం మొదలెట్టినాక మల్లీ మనిసైనాడు. మీరు సదువుకున్నోరు. మీకు నేనేటి సెప్తాను."

ఇంతలో ఆయనే లోపలినుంచి వచ్చారు. తిట్టకే అని భార్యను వారించి నాకు పీట వేయించారు. నేను కొత్త ప్రోగ్రాము సంగతి చెప్పాను. ఒక్కో పనికి ఒక్కో బటనేనని, ఒకసారి వచ్చి చూడమని అడిగాను.

"నాకోసం మార్చినారా?"

అవునన్నాను. ఆయన మొహం చూశాక కాదని ఉంటే బాగుండేదనిపించింది.

"అక్కడందరికీ తెలుస్తాది గదా, నాకోసమే మార్చినారని. అప్పుడు ఆ సెయ్యే కనిపిస్తాది, నాను కనబడను. వద్దు మేడం. మీరు మంచికే సేసినారు. వద్దు."

బస్‌స్టాండుకు నడుస్తుంటే ఒక సంగతి తెలిసింది. మొదటిసారి నేను ఆయన చేతిని చూడలేదు. రెండోసారి చెయ్యి తప్ప ఇంకేం చూడలేదు.

పేరు తెచ్చిన ప్రోగ్రాము

ఆ మాట సత్యం గారికి చెబితే, "అయితే అందరికీ అదే ఇచ్చీద్దాం. ఎవరికోసమూ కాదు," అన్నారు. అన్ని ఆఫీసులకూ అదే ప్రోగ్రాము వెళ్లింది. తర్వాత జరిగింది నేను కోరుకోనిది. అది బాగా అమ్ముడుపోయింది. గుమస్తాలు ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో బిల్లు కొట్టగలుగుతున్నారు. మా సేల్స్ అతను అది పసిగట్టి, 'ఒంటి చేత్తో బుకింగ్' అని కరపత్రాలు వేయించాడు. సాలూరు లారీ ఆఫీసుల్లో ఆ మాట పాకిపోయింది. కంపెనీలో నన్ను మెచ్చుకున్నారు. నేను ఏమీ అనలేదు. మెచ్చుకున్నప్పుడు ఏమీ అనకపోవడం చాలా సులువు.

కొన్నాళ్లకు సాలూరులోనే ఇంకో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వాళ్లు మా ప్రోగ్రాము కొన్నారు. వేయడానికి వెళ్తే బుకింగ్ బల్ల దగ్గర పైడిరాజు గారున్నారు. ఒళ్లో తువ్వాలు ఉంది. నన్ను చూసి తలూపారు. నేనూ ఊపాను.

ఈసారి నేను కుర్చీలో కూర్చోలేదు. ఆయన్ని కూర్చోమని, పక్కన నిలబడి ఒక్కొక్కటీ ఆయన చేతే నొక్కించాను. ఎస్కేప్ నొక్కి విండో మూసుకోవడం చూసి అడిగారు:

"సేవ్ సెయ్యకుండా నొక్కీసినా మూసుకుపోతాదా?"

"పోదండీ. అడుగుతుంది."

"అయితే బాగున్నాది."

అంతలో ఆ ఆఫీసు యజమాని వచ్చి మా ఇద్దరినీ చూసి సంతోషంగా అన్నారు. "సూసినావా పైడిరాజూ, ఒంటి సేత్తో బుకింగు. ఈ మేడం బుర్రే. నీకు సరిగ్గా సరిపోయినాది." ఆయనకు చెడు ఉద్దేశం లేదు. ఆ పక్కనున్న వాళ్లు పైడిరాజు గారి ఒళ్లోకి చూసి వెంటనే చూపు తిప్పుకున్నారు. ఆయన తెర మీదనుంచి కళ్లు తీయలేదు.

యజమాని వెళ్లాక, నేను సంచీ సర్దుకుంటుంటే, తెరవైపే చూస్తూ అన్నారు. "ఆ మాట తీయించండి మేడం. ఒంటి సేత్తో అన్నది. ప్రోగ్రాము బాగున్నాది. ఆ మాట తీయించండి."

ఆయన నన్ను అడిగింది అదొక్కటే. సత్యం గారు ఆ రోజే కరపత్రాలు ఆపించారు. కానీ అప్పటికే ఆ మాట మా చేతిలో లేదు. లారీ ఆఫీసుల వాళ్లు ఆ ప్రోగ్రామును ఆ పేరుతోనే పిలిచారు, చాలా ఏళ్లు పిలిచారు. నా రిటైర్మెంటు రోజున కొత్తగా చేరిన ఒక అబ్బాయి మైకులో నన్ను ఆ పేరుతోనే పొగిడాడు. లేచి అతన్ని ఆపాలనిపించింది. దండ మెడలో ఉంది, అందరూ చప్పట్లు కొడుతున్నారు. కూర్చుండిపోయాను.

ఇది చదివే పిల్లలకు చెప్పగలిగింది కొంచెమే. మీరు రాసే ప్రోగ్రాములు ఇప్పుడు ఫోన్లలో ఉంటాయి, కీడౌన్ కీఅప్ అన్న పేర్లు కూడా మీకు పాతవి కావచ్చు. ఏ పనైనా వాడేవాళ్ల చేత చేయించి, పక్కన నిలబడి చూడండి. వాళ్లు ఒక ప్రశ్న అడిగితే కథ చెప్పకండి. తప్పు దొరికినప్పుడు, అది మీది కాదని తెలిసి ఊపిరి పీల్చుకున్న ఆ ఒక్క క్షణం నోరు కట్టుకోండి. నేను జీవితంలో అన్న చెడ్డ మాటలన్నీ ఆ క్షణంలో అన్నవే.

ఇది రాయడం పూర్తయ్యాక సాలూరుకు ఫోను చేశాను. ఆయన అడగకుండా ఆయన సంగతి రాయకూడదనిపించింది. పని మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నారు. రాసిందంతా చదివి వినిపించాను. నేనన్న మాటను కూడా ఉన్నదున్నట్టు చదివాను.

"బాగున్నాది," అన్నారు అంతా విని. "సెయ్యి సంగతి ఉంచండి. పిల్లలకి తెలవాల. నా పేరు మాత్రం మార్చీండి."

ఏం పేరు పెట్టమంటారని అడిగాను.

"పైడిరాజు అని ఎట్టండి. ఇజీనగరం జిల్లాలో ఈదికొక పైడిరాజు ఉంటాడు. ఎవులూ పోల్చలేరు."

సరేనన్నాను. ఫోను పెట్టేయబోతుంటే ఆయన మళ్లీ పిలిచారు.

"మేడం, మీరన్న ఆ మాట కూడా ఉంచీస్తన్నారా?"

"ఉంచుతున్నానండీ."

"అయితే మీ పేరూ మార్చీసుకోండి. ఎందుకు మేడం, ఇన్నాళ్ల తర్వాత."

ఆయన పేరు మార్చాను. నాది మార్చలేదు.